చేతులు మారిన గాజులు

శుద్ధ విదియ. పోటు 10:20

పల్లంలంక అంబులెన్సు స్టేషను పరిధిలో నివసించు సకల జనులకూ, జనుల లెక్కలోకి రాని మేనత్తకూ, సదరు స్టేషనులో మిగిలిన ఏకైక మానవ ఉద్యోగి చిట్టూరి గవర్రాజు ప్రకటించునది:

ఒకటి. బండిలోని నీలం దుప్పటి పేషెంట్లది. పేషెంటుతో వచ్చిన బావమరుదులు దాన్ని కప్పుకుని గుర్రు పెట్టరాదు.

రెండు. స్ట్రెచరు మీద పేషెంటు కాక వేరేది ఎక్కినచో, అది పనసకాయైనా, వలైనా, మేకైనా, పేషెంటు తాలూకు సామానుగా ఎంచి, పేషెంటు పేరు మీదనే రెండు బెల్టులతో కట్టవలెను. పేషెంటు ముందెళ్ళినా వెనకెళ్ళినా, సామాను మాత్రం పేషెంటు చేరవలసిన చోటికే చేరవలెను.

మూడు. నన్ను బేసిక్ అని పిలుచుట మానవలెను. లైసెన్సు మీద ఆ ముక్క ఉన్నది నా చదువు గురించి. నాకు అమ్మానాన్నలు వేరే పేరు పెట్టి ఉన్నారు.

రెండో నిబంధనకి కారణం ఒక మేక. కిందటి నెల కాలు విరిగిన పెద్దాయన్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్తుంటే, మేక లేందే కదలనన్నాడు. పేషెంటు కానిదాన్ని ఎక్కించనని మేనత్త తలుపు మూసేసింది. ఆయన దారి పొడుగునా కాలు గురించి కాదు, మేక గురించి ఏడ్చాడు.

మేనత్త అంటే బండిలో మాట్లాడే యంత్రం. దాని అసలు పేరులో నాలుగు అంకెలూ రెండు అక్షరాలూ ఉన్నాయి. స్టీరింగు దానిది, తలుపులు దానివి, మందుల సొరుగు తాళం దానిది. స్ట్రెచరు మోత నాది, కడుగుడు నాది, కట్లు కట్టడం, కాన్పు పట్టడం, ఊపిరి ఆగితే గుండె నొక్కడం నావి. సూది గుచ్చి సెలైను ఎక్కించడం ఇద్దరిలో ఎవరిదీ కాదు. అది కరకట్ట మీది పెద్దాసుపత్రిలో ఉన్న పై స్థాయి వాళ్ళది. మూడు నెలల ట్రైనింగులో నాకు ముందుగా నేర్పింది ఏమేం చెయ్యకూడదో.

పై ప్రకటన నవ్వుకోవడానికి రాశాను. ఈ డ్యూటీ పుస్తకంలో ఏం రాసినా మేనత్త చదివేస్తుంది, సాయంత్రానికి అది పెద్దాసుపత్రికి చేరుతుంది, అక్కడ ఎవరూ చదవరు. రాసి కలానికి మూత పెట్టేలోపు మేనత్త పలికింది.

"డ్యూటీ పుస్తకంలోని మూడు వాక్యాలను స్థానిక నిబంధనలుగా స్వీకరించాను. ఏడు రోజులలో కేంద్రం అభ్యంతరం చెప్పని పక్షంలో అమలులోకి వస్తాయి."

"అత్తా, అది పరాచికం."

"పరాచికం అనే విభాగం నా వద్ద లేదు."

నా బతుకంతా ఈ ఒక్క ముక్కలో ఉంది.

శుద్ధ చవితి. పోటు 12:00

పొద్దున్నే చక్రాలకి పట్టిన ఉప్పు గీకాను. రోడ్డు రోజుకి రెండుసార్లు సముద్రంలోకి వెళ్ళొస్తుంది కాబట్టి ఉప్పు గీకడం కూడా వైద్యసేవే. బండి కింద గాలి తిత్తులు నొక్కి చూశాను. ఎడమ పక్కది ఓ మాదిరిగా ఉంది. నీళ్ళలో తేలేటప్పుడు కాస్త ఎడమకి ఒరుగుతాం, అంతే.

ఎనిమిదింటికి కాల్. "సత్యానందం. మగ. యాభై నాలుగు. నాడి వేగం, చెమట, తూలు." రొయ్యలు ఎండబెట్టే కళ్ళం దగ్గర. వెళ్ళి చూస్తే అక్కడ సత్యానందం లేడు. వాళ్ళావిడ నూకరత్నం చాప మీద కూలబడి ఉంది. జాకెట్టు చెమటకి తడిసి ముద్దయింది. చేతులు వణుకుతున్నాయి.

"ఏంటమ్మాయ్, ఏవైంది?"

"ఏం లేదన్నయ్యా. ఎండ."

"ఎనిమిదింటికి ఎండేంటి?"

వేలు గుచ్చి చక్కెర చూశాను. యాభై రెండు. చక్కెర జబ్బు లేని మనిషికి అంత తక్కువ ఎందుకుంటుంది? గాజు చూద్దామని చెయ్యి పట్టుకుంటే లాక్కుంది. మట్టిగాజులు పైకి తోస్తే కింద ఉన్నది నల్ల గాజు.

ఆడవాళ్ళ గాజు ఆకుపచ్చ, మగవాళ్ళది నలుపు. పదేళ్ళు దాటిన ప్రతి మనిషికీ సర్కారు తొడిగింది. నాడి, రక్తపోటు, చెమట కనిపెడుతూ ఉంటుంది, తేడా వస్తే అదే బండిని పిలుస్తుంది. మంచిదే. కానీ గాజులో రక్తపోటు ఎక్కువ చూపిస్తే ఆ మనిషి పేరు మీదున్న పడవ ఇంజను స్టార్టు కాదు. సముద్రంలో పడిపోతాడని సర్కారు వారి దయ. ఈ లంకలో యాభై దాటిన మగాడికి రక్తపోటు ఎక్కువ లేకపోతే పక్కింటివాళ్ళు అనుమానిస్తారు. కనక మగాళ్ళు తమ నల్ల గాజు పెళ్ళాలకి తొడిగి, వాళ్ళ ఆకుపచ్చది తాము పెట్టుకుని వేటకెళ్తారు. నల్ల గాజు ఇంట్లో చల్లగా కొట్టుకుంటూ ఉంటుంది, సముద్రంలో ఇంజను చక్కగా తిరుగుతుంది.

చాప మీద కూర్చోబెట్టి పంచదార నీళ్ళు తాగించాను. పది నిమిషాల్లో మనిషైంది. మేనత్త బండి తలుపులోంచి కెమెరా కన్ను పెట్టి చూసింది.

"ఈమె సత్యానందం కాదు. పేషెంటు స్థలంలో లేరు. తప్పుడు కాల్, ఒకటి."

"ఈవిడే పేషెంటు. కళ్ళెదురుగా ఉంది."

"నూకరత్నం ప్రస్తుతం ఒడ్డుకు రెండు కిలోమీటర్ల దూరంలో, సముద్రంలో, ఆరోగ్యంగా ఉన్నారు."

నూకరత్నం ఫక్కున నవ్వింది. "చూశావా అన్నయ్యా. నేనెంత బాగున్నానో."

శుద్ధ పంచమి. పోటు 12:50

యాభై రెండు ఎందుకొచ్చిందో తెలిసింది. తెలియకపోయినా బాగుండేది.

ఈ నెల మొదట్లో గాజులకి మందు పొట్లాలు వచ్చాయి. చక్కెర జబ్బున్న వాళ్ళకి రోజూ పొద్దున్నే ఇంత అని ఇన్సులిన్ను చర్మంలోంచి దానంతట అదే ఎక్కిస్తుంది. సూది బాధ లేదు, మర్చిపోవడం లేదు. పొట్లాలు బిగించే పని బేసిక్ స్థాయిది. అంటే నాది. క్యాంపు పెట్టాను. పొట్లం బిగించాల్సిన నల్ల గాజులు పదకొండు ఉన్నాయి. మగాళ్ళంతా వేటలో ఉన్నారు. ఆడవాళ్ళు పదకొండు గాజులూ చేపల బుట్టలో వేసి, పైన అరిటాకు కప్పి తెచ్చారు.

మనిషి చేతికి పెట్టి, మనిషిని చూసి బిగించాలని పుస్తకంలో ఉంది. నేను బుట్ట ముందేసుకుని, బీడీ కాలుస్తూ, పదకొండూ టకటకా బిగించేశాను. బుట్ట ఇంటికెళ్ళింది. గాజులు పెళ్ళాల చేతికెళ్ళాయి.

మొగుళ్ళ మందు రోజూ పొద్దున్నే పెళ్ళాలకి ఎక్కుతోంది. గాజుకి నాడి తెలుసుగానీ రక్తంలో చక్కెర తెలీదు. ఎవరి ఒంట్లోకి పోస్తోందో దానికి అక్కర్లేదు.

ఇంకో సంగతి కూడా రాసేస్తాను, ఎలాగూ రాస్తున్నాను కాబట్టి. రెండేళ్ళ కిందట ఇంజన్లు ఆగిపోయి అందరూ రేవులో తలలు పట్టుక్కూర్చుంటే, "మీ ఆవిడ చేతికి తొడిగి పోండెహె, ఆవిడ గుండె ఎలాగూ రాయి" అని సత్యానందంతో అన్నది నేనే. నవ్వించడానికన్నాను. మర్నాడు పొద్దున ఊరు ఊరంతా అదే పని చేసింది.

శుద్ధ షష్ఠి. పోటు 1:40

ఇంటింటికీ తిరిగాను. గాజులు వెనక్కి మార్చుకోండని కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. సత్యానందం రేవులో పీతల బోనులు తాళ్ళకి కట్టుకుంటున్నాడు.

"బావా, నీ మందు మా చెల్లెలికి ఎక్కుతోంది."

"ఎక్కనీ. ఇన్నాళ్ళకి నాది ఏదో ఒకటి దానికి ఎక్కింది."

"నవ్వులాట కాదు. తూలి పడిపోతోంది. నిద్దట్లో పోతుంది."

"మరి నాకు మందు లేకపోయినా నేను బానే ఉన్నాను కదేటి?"

"నువ్వు బాలేవు. నీ కాలు పుండు మానిందా?"

కాలు వెనక్కి లాక్కున్నాడు. "చూడు బావా. నలభై బోనులు సముద్రంలో ఉన్నాయి. పున్నమి పోటుకే పీత కదిలేది. పున్నమి ఎల్లిపోనీ, నా గాజు నేనే పెట్టుకుంటాను. ఇప్పుడు పెట్టుకున్నాననుకో, ఇంజను ఆగిపోద్ది. బోనులు ఎవరు తీత్తారు, నువ్వు తీత్తావా? మీ మేనత్త తీత్తాదా?"

పొట్లం ఊడదీద్దామంటే అది పెద్దాసుపత్రిలో తప్ప ఊడదు. బలవంతంగా లాగితే గాజు చచ్చిపోతుంది, దాంతో ఇంజనూ ఆగుతుంది.

డాక్టరు హైమావతి గారికి ఫోను చేశాను. ఈ చుట్టుపక్కల పదహారు బళ్ళకి ఆవిడే పైఅధికారి. ఉన్నదున్నట్టు చెప్పాను. బుట్ట సంగతి కూడా చెప్పాను.

"గవర్రాజు గారూ, కిందటేడు ఆక్సిజన్ అరలో నాగుపాము అన్నారు."

"అవునండి."

"పాములు పట్టే మనిషిని పడవలో పంపాను."

"పంపారండి. వచ్చి, ఉలవచారు తాగి వెళ్ళాడండి."

"అరలో ఏముంది?"

"రబ్బరు గొట్టం అండి. దానికి కళ్ళు గీశాను."

ఆవిడ ఏవో కాగితాలు తిరగేసిన చప్పుడు. "నా దగ్గర పదకొండు గాజులూ చక్కగా పనిచేస్తున్నట్టు ఉంది. మీ దగ్గర ఒక తప్పుడు కాల్ ఉంది. మూడైతే ఆ బండిలో మనిషి సీటు తీసేస్తారు, నా చేతుల్లో లేదు. నాకు పేషెంటును చూపించండి, కథ చెప్పకండి."

పాము అబద్ధమే. ఒప్పుకుంటాను. కానీ ఒక రబ్బరు గొట్టానికి ఇంత శిక్షా?

శుద్ధ అష్టమి. పోటు 3:20

అష్టమి కాబట్టి నీళ్ళు కదలవు. రోడ్డు పొడిగా ఉంది. నా నోరే పొడిబారింది.

రెండో కాల్. ఈసారి సత్యానందం పక్కింటి ధనకొండ. గట్టు మీద నీళ్ళ బిందెతో పడి మోచెయ్యి కొట్టుకుపోయింది. చక్కెర నలభై ఎనిమిది. నోట్లో పంచదార వేసి, చేతికి కట్టు కట్టాను. కట్టు గుడ్డ కూడా సొరుగులోంచి ఇవ్వలేదు మేనత్త, పేషెంటు మగవాడు, స్థలంలో లేడు అని. నా తువ్వాలు చింపాను. తప్పుడు కాల్, రెండు.

సాయంత్రం పదకొండు ఇళ్ళ ఆడవాళ్ళనీ కళ్ళం దగ్గర కూర్చోబెట్టి అవతలిలంక మహంకాళమ్మ సంగతి చెప్పాను. చెప్పకూడదనుకున్నాను, చెప్పక తప్పలేదు.

అవతలిలంక ఆరేళ్ళ కిందట మునిగింది. అక్కడి జనం తలో ఊరికీ చెదిరిపోయారు. మహంకాళమ్మ వాళ్ళు కరకట్ట దాపునే గుడిసె వేసుకున్నారు. ఆవిడా మొగుడి నల్ల గాజు పెట్టుకుంది, మందు పొట్లాలు వాళ్ళకి మనకంటే నెల ముందే వచ్చాయి. కిందటి నెల ఓ పొద్దున రొయ్యలు ఒలుస్తూ, ఒలుస్తూ, గోడకి జారబడింది. నిద్రపోతోందని ఎవరూ లేపలేదు. మధ్యాహ్నం కూతురు అన్నానికి పిలవడానికొస్తే గుప్పిట్లో సగం ఒలిచిన రొయ్య అలాగే ఉంది. పసుపు అంచు చీర. నలభై ఆరేళ్ళు. వాళ్ళ బండిలో మనిషి సీటు తీసేసి ఏడాదైంది. బండొచ్చి గాజు చూసి, పేషెంటు లేడని వెళ్ళిపోయింది.

ధనకొండ లేచి తన చేతి నల్ల గాజు లాగి చాప మీద పెట్టింది. "మా ఆయన వచ్చాక మొహాన కొడతాను. ఇంజను ఆగితే తెడ్డు ఏత్తాడు."

చీకటి పడేలోపు ఎనిమిది ఇళ్ళలో గాజులు సొంత చేతులకి వెళ్ళాయి. ఎనిమిది ఇంజన్లు ఆగాయి. ఎనిమిది మంది మగాళ్ళు నన్ను ఏమన్నారో డ్యూటీ పుస్తకంలో రాయను, మేనత్త దాన్ని కూడా నిబంధన చేస్తుంది.

మిగిలినవి మూడు. అందులో ఒకటి నూకరత్నం.

"నాకూ ఏడుపొచ్చిందన్నయ్యా ఆ మహంకాళమ్మ సంగతి ఇంటే. కానీ మా బోనులు నలభై. వారం రోజులే కదా. నేను తినేసి కూకుంటాలే."

శుద్ధ ఏకాదశి. పోటు 5:50

ఇంకో రెండు ఇళ్ళు మార్చుకున్నాయి. ఒకరి కల్లోకి మహంకాళమ్మ వచ్చిందట, రొయ్య చూపించిందట. మంచిది, రానీ.

నూకరత్నం ఒక్కతే మిగిలింది. ఏకాదశి ఉపవాసం ఉండొద్దని పొద్దున్నే వెళ్ళి గుమ్మంలో కూర్చుని, నా ఎదురుగా రెండు ఇడ్లీలు తినేదాకా లేవలేదు. దేవుడి ముందు పరువు తీశావని తిట్టింది. తిట్టనీ. తాటిబెల్లం ముక్క చొక్కా జేబులో పెట్టుకు తిరుగుతున్నాను. చీమలు పట్టాయి. ఇదీ నా హోదా.

పౌర్ణమి. పోటు 9:05

తీరిగ్గా రాస్తాను.

పొద్దున ఎనిమిదీ ఇరవైకి కాల్. "సత్యానందం. మగ. పడిపోయారు. కదలిక లేదు." బండి ఎక్కేటప్పటికే రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళు. పున్నమి పోటు తొమ్మిదింటికి నిండుతుంది. నిండాక రెండు గంటలు ఈ తిత్తులతో తేలలేం. అంటే లంక నుంచి బయటపడడానికి మిగిలింది నలభై నిమిషాలు.

నూకరత్నం వంటగదిలో వెల్లకిలా పడి ఉంది. పొయ్యి వెలగలేదు, గిన్నెలు కడిగి బోర్లించి ఉన్నాయి. పున్నమి ఉపవాసం. ఏకాదశి చూశానుగానీ, పున్నమికి కూడా చంద్రుడొచ్చేదాకా ఎంగిలి పడదని నాకు గుర్తు రాలేదు. పేరు పెట్టి పిలిస్తే పలకదు. భుజం గిల్లితే చిన్న మూలుగు. ఒళ్ళు చల్లగా, తడిగా. చక్కెర ముప్పై ఒకటి.

పక్కకి తిప్పి పడుకోబెట్టాను. గడ్డం ఎత్తి, నోట్లో ఏమీ అడ్డం లేదని చూసుకున్నాను. తెలివి లేని మనిషికి నీళ్ళు పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చిగుళ్ళకి రాసే చక్కెర ముద్ద ట్యూబు బండిలో ఉంది.

"అత్తా, మూడో సొరుగు తియ్యి."

"పేషెంటు స్థలంలో లేరు. సొరుగు తెరవబడదు. తప్పుడు కాల్..."

"ఆగు. లెక్క పెట్టకు."

జేబులో తాటిబెల్లం తీసి, చీమలు దులిపి, కింది చిగుళ్ళకీ చెంపకీ మధ్య వేలితో కొంచెం కొంచెం రాశాను. బెల్లం గంటల తరబడి కరగాలంటుంది, నాకున్నది నిమిషాలు. ఈవిడకి కావలసింది నరంలోకి వెళ్ళే సెలైను. అది పెద్దాసుపత్రిలో ఉంది. ఆసుపత్రికీ మాకూ మధ్య సముద్రం పెరుగుతోంది.

స్ట్రెచరు మీదకి లాగాను. ఒక్కణ్ణే. నడుములో ఏదో కళుక్కుమంది. ధనకొండ పరిగెత్తుకొచ్చి కాళ్ళ వైపు పట్టింది. బండిలోకి తోశాం. బండి కదలదు.

"స్ట్రెచరుపై ఉన్నవారు పేషెంటు కారు. దించిన తరువాత వాహనం స్టేషనుకు తిరిగి వెళ్తుంది."

నేను అరవలేదు. అరిచినా దానికి అరుపు అనే విభాగం ఉండదు. ధనకొండ ఏడుస్తోంది. ఏడుపు మధ్యలో అడిగింది, "ఆ ముసలాయన మేకని కూడా ఇలాగే ఎక్కించనన్నాది కదండీ?"

మేక.

"అత్తా. విదియ నాటి స్థానిక నిబంధన, రెండోది. కేంద్రం అభ్యంతరం చెప్పిందా?"

"అభ్యంతరం రాలేదు. నవమి నుంచి అమలులో ఉంది."

"అయితే రాసుకో. స్ట్రెచరు మీద ఉన్నది పేషెంటు కాదు. పేషెంటు సత్యానందం తాలూకు సామాను. పేషెంటు వెనకొస్తాడు. సామాను ముందెళ్తుంది."

రెండు క్షణాలు. నా జన్మలో అంత పొడుగు క్షణాలు లేవు.

"సామాను బరువు?"

"యాభై ఎనిమిది."

"రెండు బెల్టులు?"

"కట్టాను."

"సామాను స్వభావం? సాధారణం, పెళుసు, త్వరగా పాడయ్యేది."

పెళుసు అంటే నెమ్మదిగా నడుపుతుంది. అది నాకు తెలుసు, ఒకసారి గుడ్ల బుట్ట పెట్టి చూశాను.

"త్వరగా పాడయ్యేది," అన్నాను. "గంటలో పాడైపోతుంది."

బండి ఒక్క ఉదుటున కదిలింది. నీళ్ళు రెండు వైపులా గోడల్లా లేచాయి. వంతెన దగ్గర చక్రాలు నేల వదిలి తేలాం. ఎడమకి ఒరిగాం. నేను కుడి వైపు కూర్చుని, ఒక చేత్తో గడ్డం ఎత్తి పట్టి, ఒక చేత్తో బెల్లం రాస్తూ, ఊపిరి లెక్కపెట్టాను. నిమిషానికి పధ్నాలుగు. పధ్నాలుగు. పన్నెండు. మళ్ళీ పధ్నాలుగు. మాట్లాడుతూనే ఉన్నాను, ఏం మాట్లాడానో తెలీదు. పాము సంగతి కూడా చెప్పినట్టున్నాను.

కరకట్ట ఎక్కుతుండగా చిగుళ్ళ మధ్య నా వేలు కొరికింది. అంత సంతోషం నాకు పెళ్ళప్పుడు కూడా కలగలేదు.

డాక్టరు హైమావతి గారు గుమ్మంలో ఉన్నారు. చేతిలో కాగితం. "త్వరగా పాడయ్యే సామాను, యాభై ఎనిమిది కేజీలు, అత్యవసరం" అని మేనత్త పంపిన సమాచారం చదివి, నన్ను స్వయంగా తిట్టడానికి దిగారట. స్ట్రెచరు మీది మనిషిని చూశారు, మట్టిగాజుల కింద నల్ల గాజు చూశారు. కాగితం నేల మీద పారేసి ఆవిడే నరం వెతికారు.

పావుగంట తర్వాత నూకరత్నం కళ్ళు తెరిచింది.

"నోట్లో ఏంటిది?"

"తాటిబెల్లం."

"ఉపాసం చెడగొట్టావు," అంది. మళ్ళీ కళ్ళు మూసుకుంది. ఈసారిది నిద్ర.

బయట బల్ల మీద డాక్టరు గారు నా పక్కన కూర్చున్నారు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ కూర్చోలేదు.

"మీరు ఫోనులో చెప్పింది నేను వినాల్సింది."

"పాము సంగతి అడ్డొచ్చిందండి."

"ఇలాంటిది ఇంకెక్కడైనా జరిగిందా? ఈ ఒక్కదాన్నీ పొరపాటని కొట్టిపారేస్తారు పైవాళ్ళు. మీ సీటు కూడా నిలబడదు."

నేను మహంకాళమ్మ సంగతి చెప్పాను. రొయ్య, గోడ, పసుపు అంచు, పేషెంటు లేడని వెనక్కి పోయిన బండి. ఆవిడ అంతా రాసుకున్నారు. రాస్తుంటే కలం ఒకచోట ఆగింది.

బహుళ తదియ. పోటు 11:10

నూకరత్నం ఇంటికొచ్చింది. సత్యానందం నల్ల గాజు తన చేతికి తనే తొడుక్కుని, రేవులో ఆగిపోయిన ఇంజను పక్కన కూర్చున్నాడు.

"బావా, పీతలు పోయాయి," అన్నాడు.

"పోతే పోయాయి."

"అవును." ఇంజను మూత తట్టి, "నన్ను రెండు తన్నవేటి?" అన్నాడు.

"నడుం పట్టేసింది. బాకీ ఉంచుకో."

నూకరత్నం మాత్రం వదల్లేదు. "నన్ను సామానులో ఎక్కించావంట. బెల్టులేసి."

"పాడైపోయే సామానని కూడా రాయించాను."

"ఏ సామానన్నావు, రొయ్యలా, చేపలా?"

"చెప్పలేదమ్మా. ఖాళీ వదిలేశాను."

"పీతలని రాయించాల్సింది," అంది. "ఆయనకి అవంటేనే ప్రాణం."

బహుళ సప్తమి. పోటు 2:30

పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మేనత్త గడగడా చదివింది. ఇకనుంచి ముందు మనిషిని చూడాలి, తర్వాతే గాజును. బండిలోని బేసిక్ స్థాయి ఉద్యోగి కళ్ళతో చూసి "ఇతడే పేషెంటు" అంటే సొరుగు తెరుచుకోవాలి, బండి కదలాలి. తప్పుడు కాల్స్ కొట్టివేత. పదహారు బళ్ళలోనూ మనిషి సీటు ఉంటుంది. మందు పొట్లాలు మనిషి చెయ్యి పట్టుకునే బిగించాలి, బుట్టలో కాదు. ఇంజను తాళాల మీద విచారణ పూర్తయ్యేదాకా పడవలు తిప్పుకోవచ్చు.

అడగని వరాలు కూడా వచ్చాయి. కింద ఇంకో వాక్యం ఉంది. ఈ ఉత్తర్వు ఇకమీదట "మహంకాళమ్మ నిబంధన"గా పిలవబడును.

బహుళ నవమి. పోటు 4:10

తల పగిలిపోతోంది.

డాక్టరు గారు ఫోను చేశారు. మహంకాళమ్మ కూతురికి స్వయంగా క్షమాపణ పత్రం ఇస్తారట, గుడిసె ఎక్కడో చెప్పమన్నారు. "ఆ బండి కూడా నా పదహారులోదే అయి ఉండాలి కదండీ. ఏ రోజుదో ఎంత వెతికినా దొరకడం లేదు. రోజూ రాత్రి అదే ఆలోచన," అన్నారు.

ఇక్కడ ఆడవాళ్ళు కళ్ళం దగ్గర పీట వేసి, దాని మీద పసుపు అంచు చీర మడత పెట్టి, ఒలిచిన రొయ్యలు గిన్నెలో పెట్టారు. నూకరత్నం దానికి దణ్ణం పెట్టి నా వైపు తిరిగింది.

"ఆదివారం పడవేసుకుని ఆవిడింటికి ఎల్దాం అన్నయ్యా. ఆవిడ పోబట్టే కదా మా ఆడోళ్ళందరం బతికాం. ఆ పిల్లకి ఈ చీర నా చేత్తో ఇవ్వాలి. నువ్వే దారి చూపించాలి."

ఒక్క పూట ఆలోచించాను. ఈ గాజుల మార్పిడి మొదలుపెట్టింది కూడా నా పరాచికమే. ఇప్పుడు లేని పిల్ల కోసం ఒక చీర, చెయ్యని తప్పుకి ఒక డాక్టరమ్మ నిద్ర. ఇది ఇక్కడ ఆపకపోతే నూకరత్నం కరకట్ట మీద గుడిసె గుడిసెకీ వెళ్ళి తలుపు కొడుతుంది. నాకు తెలుసు ఆవిణ్ణి.

కాబట్టి రాస్తున్నాను. సాయంత్రం ఆరింటికి ఈ పుస్తకం దానంతట అదే పెద్దాసుపత్రికి వెళ్తుంది. డాక్టరు గారూ, మీరు ఈసారైనా చదవండి. రెండో నిబంధన చదవలేదు కాబట్టి నూకరత్నం బతికింది, ఇది మాత్రం చదవండి.

పదకొండు గాజులు నిజం. బుట్ట నిజం, బీడీ కాలుస్తూ బిగించింది నిజం. ధనకొండ నలభై ఎనిమిది, నూకరత్నం ముప్పై ఒకటి, రెండూ మీ దగ్గరున్న లెక్కలతో సరిపోతాయి. మీ బండి ఏ తలుపు దగ్గర్నుంచీ వెనక్కి పోలేదు. వెతకడం మానేసి పడుకోండి. నా సీటు తీసెయ్యాలనుకుంటే తీసెయ్యండి, ఉత్తర్వు మాత్రం ఉంచండి. కావాలంటే పేరు మార్చండి.

మేనత్త అడుగుతోంది, దీన్ని స్థానిక నిబంధనగా రాసుకోమంటారా అని. వద్దన్నాను. ఉన్నదున్నట్టు రాసుకో, చాలు అన్నాను.

అవతలిలంక మహంకాళమ్మ చచ్చిపోలేదు. ఆవిడ అసలు పుట్టలేదు.